కష్టమైన కస్టమర్

సోమవారం

కంప్యూటర్ పోయింది. ఇక మీదట నాకు ఈ డైరీయే గతి. లెన్సుల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చారు. వంటింటి బల్ల ఒక కాలు పొట్టిదైతే దాని కింద పెట్టాం. ఇప్పుడు తీశాను కాబట్టి బల్ల కుంటుతోంది. కుంటనీ.

పోయిందంటే దొంగలు ఎత్తుకుపోలేదు. మా ఆయన అమ్మేశారు. అదీ నన్ను సంతోషపెడదామని. నేను షాపులో ఒక పెద్దాయన కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తుంటే ఫోన్ చేశారు.

"ఆ మూల ఖాళీ చెయ్యమని ఎప్పటినుంచో సతాయిస్తున్నావుగా. చేసేశా. వీధి చివర పాత కంప్యూటర్ల షాపాయన తీసుకున్నాడు."

"అందులో నావి ఉన్నాయి కదండీ."

"ఫోటోలన్నీ తీసి దాచాను. నీ ట్రైనింగ్ వీడియోలు మాత్రం వదిలేశా. ఎవరికైనా పనికొస్తాయి. కస్టమర్లతో ఎలా మాట్లాడాలో తెలియని వాళ్ళు ఎంతమంది లేరు."

ఎంత గర్వంగా చెప్పారో. ఆ పెద్దాయన కళ్ళజోడు ఒక చెవి మీద పైకీ, ఇంకో చెవి మీద కిందకీ బిగించి పంపించాను. ఆయన వెళ్తూ వెళ్తూ చాలా బాగుందన్నాడు.

ఆ వీడియోలేమిటో ఇక్కడ రాద్దామంటే చెయ్యి రావడం లేదు. రేపు.

మంగళవారం

తప్పు నాది కాదు. ట్రైనింగ్ ఇచ్చిన వాళ్ళది.

"కష్టమైన కస్టమర్ వస్తే ఏం చెప్పాలో ఇంట్లో కెమెరా ముందు చెప్పి చూసుకోండి. కస్టమర్ మాటలు కూడా మీరే అనండి. మీ లోపలి కోపమంతా అక్కడే పోతుంది. మర్నాడు షాపులో చిరునవ్వు మాత్రమే మిగులుతుంది" అని చెప్పింది వాళ్ళే కదా. నేను మంచి విద్యార్థిని. చెప్పింది చేశాను. "ఈ ఫ్రేము కొన్నప్పటినుంచీ నా ముక్కు మారిపోయింది" అని వాపసు తెచ్చే ఆవిడ మీద అది బాగానే పనిచేసింది.

కానీ అసలైన కష్టమైన కస్టమర్ మా మేడ మీద గదిలోనే ఉంటుంది. అత్తయ్య.

పెద్దాసుపత్రిలో వార్డు సిస్టర్‌గా చేసి రిటైరయింది. ఆవిడ రిటైరయింది గాని వార్డు రిటైరవలేదు. అది మా ఇంటికి మారింది. పేషెంట్లం మేం. పొద్దున్నే కిందకి దిగుతుంది. మా పడక మీద దుప్పటి మూలలు లాగి, కవరు అంటించినట్టు మడిచి పరుపు కిందకి తోస్తుంది. ఆ తర్వాత నేను మడిచిపెట్టిన తువాళ్ళన్నీ విప్పుతుంది, దులుపుతుంది, మళ్ళీ మడుస్తుంది. నోరు తెరిచి ఒక్క మాట అనదు. అంటే జవాబైనా చెప్పొచ్చు. విప్పుతుంది, దులుపుతుంది, మడుస్తుంది.

"పర్వాలేదత్తయ్యా" అంటాను నేను. అని, గదిలోకెళ్ళి, తలుపేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కూర్చునేదాన్ని. భుజం మీద నాలుగు మడతల తువాలు, ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుంటే నేనే అత్తయ్యని. అవి తీసేస్తే మళ్ళీ నేను. అప్పుడు జవాబు చెప్పేదాన్ని. అబ్బ, ఏం జవాబులవి. అలాంటి మాటలు నా నోట్లో ఉన్నాయని నాకే తెలియదు.

ఫైళ్ళకి "కష్టమైన కస్టమర్" అని పేరు పెట్టి నంబర్లు వేశాను. ఆ పేరు చూసి ఎవరికీ అనుమానం రాదు. ఒకసారి మా ఆయన తొంగిచూసి "పాపం, ఉద్యోగం కోసం ఎంత కష్టపడుతున్నావు" అన్నారు కూడా.

ఇక ఆఖరి వీడియో. ఈ మధ్య ఆడపడుచు ఫోన్ చేసి, "అమ్మా, అన్నయ్య దగ్గర చాలాకాలం ఉన్నావు, ఇక నా దగ్గరికి వచ్చెయ్" అంది. నెలాఖరుకి చెప్తానంది అత్తయ్య. ఆ రోజే రికార్డు చేశాను. "వెళ్ళండి అత్తయ్యా. హాయిగా వెళ్ళండి. నా తువాళ్ళు, నా దుప్పట్లు, నా ఇష్టం." అలా అన్నాక ప్రాణం ఎంత తేలికపడిందో. తర్వాత ఇంకేదో చేశాను, గుర్తులేదు. తేలికపడింది. అంతే.

ఇప్పుడది కొన్నవాళ్ళెవరో చూస్తారు. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. ఆ నోటా ఈ నోటా అత్తయ్య చెవిన పడుతుంది. పడితే ఆవిడ ఆ క్షణమే పెట్టె సర్దుకుంటుంది. వెళ్తే నాకేం బాధలేదు. నేను తరిమేశానని అనిపించుకోవడం ఇష్టం లేదు. అంతవరకే నా బాధ.

బుధవారం

పాత కంప్యూటర్ల షాపాయన్ని మా షాపులో అందరం స్పేర్ పార్ట్స్ అని పిలుచుకుంటాం. ఆయన కళ్ళజోడులో ఏ ముక్కకీ ఇంకో ముక్కతో చుట్టరికం లేదు. దాన్ని నేనే బతికిస్తూ వస్తున్నాను. ఆ చనువుతో వెళ్ళాను.

"అమ్ముడైపోయిందమ్మా, నిన్ననే."

"ఎవరు కొన్నారండీ?"

"కొన్నవాళ్ళ వివరాలు చెప్పం. మా దగ్గర అన్నీ గుట్టుగా ఉంటాయి."

"అందులో నా వివరాలున్నాయండీ."

"వాటిని అసలు ముట్టుకోం. ఎవరివి ఎలా వచ్చాయో అలాగే కొన్నవాళ్ళకి అప్పగిస్తాం. ఒక్క ఫైలు కూడా తగ్గదు. మోసం మన దగ్గర ఉండదమ్మా."

తల పట్టుకున్నాను. ఆయనకి జాలేసి, పేరు చెప్పను గాని గుర్తులు చెప్తానన్నాడు.

"పెద్దావిడ. కంప్యూటర్ వెనక వేలితో గీసి, దుమ్ము నాకు చూపించింది. తర్వాత నా చేతికి చీపురిచ్చి షాపంతా ఊడిపించింది. వెళ్ళేటప్పుడు నా నాలుక చూసి నీళ్ళు తక్కువ తాగుతున్నావంది."

ఈ చుట్టుపక్కల అలాంటి మనిషి ఇంకొకరుంటే బాగుండునని దేవుణ్ణి వేడుకుంటూ ఇంటికొచ్చాను. లేరు.

మేడ మీద కిటికీ పక్కన మా కంప్యూటరే. దాని మీద గుడ్డ కప్పి, మూలలు కవరులా మడిచి ఉన్నాయి.

"నేనూ ఒకటి కొన్నానమ్మాయ్. చెప్తే వద్దంటారని చెప్పలేదు. మా ఆపరేషన్ థియేటర్ సిస్టర్ రోజూ మొహం చూసుకుంటూ మాట్లాడుకుందాం అంటోంది" అంది అత్తయ్య.

నా వెనకే వచ్చిన మా ఆయన దాన్ని చూసి పగలబడి నవ్వారు. "అమ్మా, ఇది మనదే. తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది."

"మీదా? మీ గదిలో ఎప్పుడూ చూడలేదే" అంది ఆవిడ. ఎలా చూస్తుంది. మా గదిలో ఆవిడ చూపు దుప్పటి దాటి ఏనాడూ వెళ్ళలేదు.

"అందులో ఏమేమున్నాయో చూశారా అత్తయ్యా?" అని అడిగాను.

"నాకేం తెలుసు. ఆన్ చెయ్యడం నేర్చుకున్నా. మిగతాది నిదానంగా."

నిదానంగా. అంటే ఇంకా చూడలేదు. నాకు టైముంది.

గురువారం

నేర్పిస్తానని వంక పెట్టి పైకి వెళ్ళాను. ఆవిడ ఒక్క నిమిషం పక్కకి వెళ్తే చాలు, ఫోల్డర్ చెరిపెయ్యొచ్చు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అత్తయ్యా, కాస్త మంచినీళ్ళు ఇస్తారా."

చెయ్యి చాపి పక్కనే ఉన్న ఫ్లాస్కు అందించింది.

"కాస్త టీ తాగుదామా."

ఇంకో ఫ్లాస్కు అందించింది.

"తలనొప్పిగా ఉంది." బల్ల సొరుగులోంచి మాత్ర తీసింది. "చలిగా ఉంది." కుర్చీ వెనకనుంచి శాలువా తీసింది. కూర్చున్నచోటునుంచి లేవకుండా ప్రపంచాన్ని నడిపించగలదు ఆ మనిషి. చివరికి నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, "వేగంగా కొట్టుకుంటోంది. నీకు విశ్రాంతి కావాలి, వెళ్ళి పడుకో" అని పంపించేసింది.

పడుకున్నాను. అబద్ధమెందుకు, బాగా నిద్రపట్టింది.

శుక్రవారం

మా ఆయన్ని పంపించాను. "కంప్యూటర్‌లో పాతవి ఏమైనా ఉంటే తీసేసి శుభ్రం చేసి రండి, అత్తయ్యకి గందరగోళంగా ఉంటుంది" అన్నాను. ఇంతకంటే విడమర్చి చెప్పాలంటే సంగతంతా చెప్పాలి. ఆయనకి చెప్తే వాళ్ళమ్మకి చెప్పకుండా ఉండలేరు. చిన్నప్పటినుంచీ ఆవిడ థర్మామీటర్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఆయన అన్నీ చెప్పేస్తారట.

చాలాసేపటికి దిగారు.

"అయిందా?"

"భేషుగ్గా అయింది. పేకాట పెట్టిచ్చా. నీ ట్రైనింగ్ వీడియోలు ఎక్కడో లోపల మూల పడున్నాయి. అమ్మకి వెతుక్కునే పని లేకుండా తెర మీద ఎదురుగా పెట్టా."

ఈయనతో కాపురం చేస్తున్నాను నేను.

శనివారం

ఇవాళ చేసిన పని రాయకూడదు. రాస్తాను.

"కళ్ళజోడు వదులైనట్టుంది, బిగించి తెస్తా ఇవ్వండి" అని అత్తయ్య దగ్గర తీసుకున్నాను. అది వదులు కాలేదు. నేను బిగించింది, ఎలా వదులవుతుంది. బ్యాగులో వేసుకుని షాపుకి వెళ్ళాను, సాయంత్రం బ్యాగులోనే ఉంచుకుని తిరిగొచ్చాను.

దగ్గర చూపు ఆనని మనిషి తెర మీద అక్షరాలు చదవలేదు. ఇంత సింపుల్. రోజంతా జనానికి కళ్ళు కనిపించేలా చేసే ఉద్యోగం నాది. ఇంట్లో ఒకరికి కనిపించకుండా చేశాను.

"స్క్రూ కంపెనీ నుంచి రావాలత్తయ్యా" అన్నాను. "అలాగే" అంది. గోడ పట్టుకుని మెట్లెక్కింది. దూరం చూపుకి ఆవిడకి ఏ లోటూ లేదు, మెట్లెక్కడానికి కళ్ళజోడు అక్కర్లేదు. అయినా గోడ పట్టుకుంది. ఆ గోడ పట్టుకోవడం చూశాక నాకు అన్నం సయించలేదు.

ఆదివారం

కళ్ళజోడు బ్యాగులోనే ఉంది. ఆవిడ అడగలేదు.

సోమవారం

ఆవిడే పిలిచింది. "అమ్మాయ్, ఈ తెర మీద ఎదురుగా ఏదో ఉంది. నాకు ఆనడం లేదు. కాస్త చదివిపెట్టు."

తెర మీద నట్టనడుమ, కొట్టొచ్చినట్టు, కష్టమైన కస్టమర్.

"క్యాలెండర్ అత్తయ్యా" అన్నాను.

"క్యాలెండరా. కాస్త పొడుగ్గా ఉందే పేరు."

"పాత... క్యాలెండర్."

"ఒకటి, రెండు, మూడు అని ఏవో కనిపిస్తున్నాయి లోపల."

"నెలలత్తయ్యా."

ఆవిడకి దగ్గు తెర వచ్చింది. మొహం అటు తిప్పుకుని, భుజాలు కదిలిపోయేలా దగ్గింది. పరుగెత్తుకెళ్ళి వేడినీళ్ళు తెచ్చాను. తాగి, కళ్ళు తుడుచుకుని, "నువ్వు చాలా మంచిదానివమ్మాయ్" అంది.

బ్యాగులో కళ్ళజోడు పెట్టుకుని ఆ మాట వినడం ఎలా ఉంటుందో పగవాళ్ళకి కూడా తెలియకూడదు.

బుధవారం

నిన్న తువాళ్ళు విప్పలేదు. ఇవాళా విప్పలేదు. దుప్పటి మూలలు నేను ఎలా వదిలేశానో అలాగే వేలాడుతున్నాయి.

పొద్దున కిందకి దిగి, గుమ్మం దగ్గర ఆగి, తలుపు కొట్టింది. తెరిచి ఉన్న తలుపు. "రావచ్చా?" అంది. ఈ ఇంట్లోకి వచ్చినప్పటినుంచీ ఆవిడ నోట ఆ మాట విని ఎరగను. రండి అంటే వచ్చి, చేతులు కట్టుకుని కూర్చుని, తువాళ్ళ వైపు చూసింది. చూసి ఊరుకుంది.

మంచిదే. నాకు కావలసింది ఇదేగా. నా తువాళ్ళు నేను మడిచినట్టే ఉన్నాయి.

ఎంత అసహ్యంగా ఉన్నాయో.

గురువారం

చూసేసిందా? కళ్ళజోడు లేకుండా ఎలా చూస్తుంది? చూడకపోతే తలుపెందుకు కొట్టింది? మూడో వీడియోలోనో నాలుగో దాంట్లోనో "తలుపు కొట్టి రావడం ఆసుపత్రిలో నేర్పలేదా అత్తయ్యా" అన్నాను. అన్నానా? అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే పైనుంచి ఆవిడ నవ్వు వినిపించింది. ఒక్కర్తే నవ్వుతోంది. నేను పైకెళ్తే ఆగిపోయింది. తెర మీద పేకాట ఉంది.

"గెలిచారా అత్తయ్యా?"

"గెలుస్తున్నా" అంది.

శుక్రవారం

ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, అమ్మ వచ్చేస్తానంది. అంటే పక్కాగా అనలేదు, ఆదివారం కారు వేసుకుని రా, జవాబు అప్పుడే చెప్తా అంది. పెట్టె కొంటుందట రేపు. నువ్వేమైనా అన్నావా?"

"నేనేమంటాను" అన్నాను.

"అదే, నువ్వెప్పుడూ ఏమీ అనవుగా" అంది. మెచ్చుకోలుగానే అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడిపోయాను. పాలు పొంగిపోయాయి. బల్ల కుంటుతోంది.

అత్తయ్య వెళ్తే నాకేం బాధలేదని పైన ఎక్కడో రాశాను. అది రాసినప్పుడు నిజంగానే అలా అనుకున్నానో లేదో ఇప్పుడు తెలియడం లేదు. ఆ మాట కొట్టెయ్యాలనిపిస్తోంది. ఉండనీ.

శనివారం

మధ్యాహ్నం షాపునుంచి త్వరగా వచ్చేశాను. అత్తయ్యా, ఆయనా పెట్టె కొనడానికి వెళ్ళారు. కళ్ళజోడు తీసుకుని పైకెళ్ళాను. బల్ల మీద పెట్టేద్దామనీ, వీడియోలు చెరిపేద్దామనీ. ఇక చెరిపి ఏం లాభమో నాకు తెలియదు. చేతులకి ఏదో పని కావాలి.

తెర మీద నా ఫోల్డర్ పక్కన ఇంకోటి ఉంది. దాని పేరు "కష్టమైన పేషెంట్".

తెరిచాను. అన్నీ వీడియోలే. నంబర్లు వేసి ఉన్నాయి, నేను వేసినట్టే.

మొదటిదాంట్లో అత్తయ్య. జుట్టు సగం ఊడదీసుకుని, భుజం మీద తువాలు ఉండచుట్టి పడేసుకుని, కళ్ళకి అడ్డంగా స్కేలు పట్టుకుంది, నేను షాపులో కస్టమర్ల కళ్ళు కొలిచినట్టు. ముక్కు మీద కళ్ళజోడు ఉంది. ఇంకో కళ్ళజోడు. వార్డు సిస్టర్ దగ్గర ఏ వస్తువైనా రెండోది లేకుండా ఉంటుందా. నాకీ ఆలోచన ఎందుకు రాలేదు.

"పర్వాలేదత్తయ్యా" అంది తెర మీద నేను. పళ్ళు బిగబట్టి, పెదాలు సాగదీసి. తర్వాత ఒక నిట్టూర్పు వదిలింది. అది ముక్కులోంచి మొదలై చాలాసేపు నడిచింది. అలా నిట్టూరుస్తానని నాకు ఇవాళ్టిదాకా తెలియదు. అచ్చం నేనే. నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది.

ఆ తర్వాత ఆవిడ తువాలు విప్పి చక్కగా మడిచి పక్కన పెట్టి, తనలాగా మాట్లాడింది.

"అమ్మాయ్, తువాళ్ళ సంగతి. నీ మడత బాగాలేదని విప్పడం లేదు. బాగాలేదు, అది వేరే విషయం. పైన ఒక్కదాన్నే కూర్చుంటే తోచదు. ఊరికే కిందకొస్తే ముసల్ది ఎందుకొచ్చిందా అనుకుంటారు. చేతిలో ఒక పని ఉంటే రావచ్చు. అంతే."

ఆ ముక్క వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాను.

ఇంకో దాంట్లో పడీ పడీ నవ్వుతోంది. "ఇవాళ పేషెంట్ నా కళ్ళజోడు ఎత్తుకుపోయింది. స్క్రూ రావాలట. పోనీలే అని గోడ పట్టుకుని మెట్లెక్కా, జాలిపడి ఇచ్చేస్తుందేమోనని. ఇవ్వలేదు. గట్టి పిండం." ఆ తర్వాతిదాంట్లో, "క్యాలెండర్ అని చదివింది. నెలలట. నేను దగ్గి బయటపడ్డా." మరో దాంట్లో, "నీ నాలుగో నంబరు ఒక్కటి, నాకు ఇలా రికార్డు చెయ్యడం నేర్పిన మా థియేటర్ సిస్టర్‌కి చూపించా. నా నడక భలే పట్టావంది. మెడ ఇంకాస్త నిటారుగా పెట్టాలి."

ఆఖరిదాంట్లో తువాలు లేదు, స్కేలు లేదు. జుట్టు దువ్వుకుంది.

"నీ ఆఖరిది చూశాను. వెళ్ళిపోండి అన్నావు. సరే, అన్నావు. కానీ అమ్మాయ్, ఆ రోజు నువ్వు కెమెరా ఆపడం మర్చిపోయావు."

రికార్డు చేశాక చూసుకోమని ట్రైనింగ్‌లో చెప్పారు. అన్నీ చూసుకున్నాను. ఆ ఒక్కటే చూడలేదు. నా ఫోల్డర్ తెరిచి చూశాను.

"నా తువాళ్ళు, నా దుప్పట్లు, నా ఇష్టం" అన్నాను. అని, వీరనారిలా కాసేపు కూర్చున్నాను. తర్వాత ఒళ్ళో తువాలు తీసి మడవడం మొదలుపెట్టాను. బాగా రాలేదు. విప్పాను. మళ్ళీ మడిచాను. "ఇలా కాదు. ఆవిడ మూల ఎక్కడ పట్టుకుంటుంది?" అని గొణుగుతున్నాను. "ముందు అడ్డంగానా, నిలువుగానా? ఎవర్నడగాలి ఆవిడ వెళ్ళిపోతే?" మళ్ళీ విప్పాను. ఆ తువాలుతోనే ముక్కు తుడుచుకున్నాను. ఆ తర్వాత మొహమంతా దాంట్లో పెట్టుకుని ఏడ్చాను. మా ఆయన "టీ ఉందా" అంటూ తలుపు తీసేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

నాకు గుర్తులేదని రాశాను. గుర్తుంది.

మళ్ళీ ఆవిడ వీడియో పెట్టాను.

"అదంతా కెమెరాకి చెప్పావు. నాకు చెప్పలేదు. రేపు ఆదివారం మా అమ్మాయికి నేను జవాబు చెప్పాలి. ఒక్కసారి నాకు ఎదురుగా నిలబడి, ఆ షాపు చిరునవ్వు తీసేసి, చెప్పు. వెళ్ళమంటే వెళ్తా. ఉండమంటే ఉంటా. పర్వాలేదు అన్నావంటే మాత్రం వెళ్ళినట్టే."

కింద గేటు చప్పుడైంది. కళ్ళజోడు బల్ల మీద పెట్టి పరుగెత్తుకొచ్చేశాను. ఏదీ చెరపలేదు.

ఆదివారం

అద్దం ముందు నిలబడి ఒకటే మాట అనుకున్నాను, వెళ్ళకండి, వెళ్ళకండి అని. కెమెరా లేకపోతే చెప్పడం అలవాటు తప్పింది.

ఆడపడుచు వచ్చింది. అందరం టీ తాగాం. గుమ్మం దగ్గర కొత్త పెట్టె. అత్తయ్య కప్పు కింద పెట్టి, నేను పైన వదిలొచ్చిన కళ్ళజోడు తీసి పెట్టుకుని, థర్మామీటర్‌లో పాదరసం చూసినట్టు నన్ను చూసింది.

"అయితే అమ్మాయ్, నేను వెళ్ళనా మరి?"

నోరు తెరిచాను. ఇన్నేళ్ళ అలవాటు. "పర్వాలేదత్తయ్యా" అని వచ్చింది.

ఆవిడ తలూపింది. లేచి, పెట్టె చేత్తో పట్టుకుని, కూతురి వెనకే బయటికి నడిచింది. నా చిరునవ్వు మొహం మీదే ఉంది, దింపడం రావడం లేదు. మా ఆయన "బిస్కెట్లు ఇంకా ఉన్నాయా" అన్నారు. కారు తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

అప్పుడు పరుగెత్తాను. చెప్పులు కూడా లేవు.

"వెళ్ళకండి అత్తయ్యా. పర్వాలేదని ఇన్నాళ్ళూ నేను అన్నదంతా అబద్ధం. మీరు దుప్పటి మూలలు లాగితే నాకు ఒళ్ళు మండుతుంది. తువాళ్ళు విప్పితే ఏడుపొస్తుంది. ఈ వారం విప్పకపోతే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. కళ్ళజోడు కావాలనే దాచాను. అది క్యాలెండర్ కాదు. పని లేకపోయినా కిందకి రండి. రోజూ రండి. మీరు వెళ్తే నేను ఎవరితో పోట్లాడను? కెమెరాతో ఎంతకని పోట్లాడతాను? వెళ్ళకండి."

వీధిలో ఉన్నవాళ్ళంతా ఆగి చూశారు. స్పేర్ పార్ట్స్ తన షాపు గుమ్మంలో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అత్తయ్య పెట్టె కింద పెట్టింది. ఆవిడ గడ్డం కొంచెం వణికింది. చూశాను. వెంటనే సర్దుకుంది.

"చెప్పులు లేకుండా రోడ్డు మీదకి ఎవరు రమ్మన్నారు? పద లోపలికి. ఆ పెట్టె పట్టుకురా."

ఎత్తాను. దూదిలా పైకి లేచింది. దాంట్లో ఏమీ లేదు.

"ఖాళీ పెట్టె అత్తయ్యా."

"ఖాళీదే. మా అమ్మాయి పెట్టెకి జిప్పు పోయిందంటే దానికోసం కొన్నా. సూది బయటికి తీస్తే గాని నోరు తెరవని పేషెంట్లని ఎంతమందిని చూశాను" అంది.

ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. పాపం అంతదూరం కారు నడుపుకుని వచ్చింది. కొత్త పెట్టెతో తిరిగి వెళ్ళింది.

సోమవారం

పొద్దున అత్తయ్య తలుపు కొట్టకుండా వచ్చింది. తువాళ్ళు విప్పింది, దులిపింది.

"నాకు నచ్చలేదు అత్తయ్యా" అన్నాను, ఎదురుగా.

"సంతోషం" అని మళ్ళీ మడిచింది. ఈసారి మూల ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. ముందు నిలువుగా.

టీ దగ్గర మా ఆయన అన్నారు, "అమ్మా, ఆ పాతది నీకెందుకు. కొత్తది కొనిపెడతా. దాన్ని మళ్ళీ ఆ షాపాయనకే ఇచ్చేద్దాం. ఆ ట్రైనింగ్ వీడియోలు ఎవరికైనా పనికొస్తాయి."

"వద్దు" అన్నాం ఇద్దరం. ఒకే గొంతుతో, ఒకేసారి. ఈ ఇంట్లో అడుగుపెట్టాక మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి. ఆయన బిస్కెట్ టీలో పడిపోయింది.

ఇక ఈ డైరీతో పని లేదు. మళ్ళీ బల్ల కాలి కిందే పెట్టేస్తాను. అక్కడ దీన్ని ఎవరూ చూడరు. దుమ్ము కోసం బల్ల కాళ్ళ కింద కూడా వెతికే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

చదవనీ.